పాపాయికి పాత పేరు



ఇంట్లో ఆడపిల్ల పుట్టిందనగానే బాలింత పథ్యం కన్నా ముందు మొదలయ్యేది పేరు గొడవ. తండ్రి సెల్‌ఫోనులో వెతుకుతాడు. మేనత్త నాలుగు పేర్లు రాసి పంపుతుంది. తాతగారు పంచాంగం తీస్తారు. మూల కూర్చున్న నాయనమ్మ మాత్రం ఏమీ అనదు. ఆవిడ మనసులోనూ ఒక పేరుంటుంది. అది వాళ్ళ అత్తగారిదో, అమ్మదో, అసలు తనదో! "ఆ ముసలి పేరేమిటి, బళ్ళో పిల్లలు నవ్వరూ?" అంటారని నోరు విప్పదు. ఇవాళ మనం ఆ నాయనమ్మ తరఫున మాట్లాడుకుందాం. పాత పేరు పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎలాంటిది పెట్టుకోవాలి, ఎలాంటిది వద్దు, కాగితాల్లో ఎలా రాయించుకోవాలి అనే నాలుగు విషయాలూ వరసగా చూద్దాం.

ముందు మన పల్నాటి పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో గమనించండి. నరసరావుపేట చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఇద్దరు ముగ్గురు కోటమ్మలు, కోటేశ్వరమ్మలు కనిపిస్తారు. అది కోటప్పకొండ మీది త్రికోటేశ్వరస్వామి పేరు. శివరాత్రికి ప్రభ కట్టిస్తామని మొక్కుకున్న ఇళ్ళలో మగపిల్లవాడు కోటయ్య, ఆడపిల్ల కోటమ్మ. మాచర్ల వైపు వెళ్తే చెన్నకేశవస్వామి పేరున చెన్నయ్యలు, చెన్నమ్మలు. కారెంపూడిలో అంకాళమ్మను కొలిచే ఇళ్ళలో అంకమ్మలు, వీరుల్ని తలచుకునే ఇళ్ళలో వీరమ్మలు. పుట్టలో పాలు పోసి కన్న పిల్ల నాగమ్మ. మంగళగిరి స్వామిని నమ్ముకున్న ఇంట్లో నరసమ్మ. అలివేలు మంగమ్మ పేరున మంగమ్మ.

ఇక్కడితో ఆగలేదు. గుంటూరులోని మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకుని హిందువులు కూడా మస్తానమ్మ అని పెట్టుకున్నారు. యూట్యూబులో పొలం గట్టున కూర్చుని పుచ్చకాయలో కోడికూర వండి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ముసలమ్మ గుర్తుందా? నూరేళ్ళు దాటాయని చెప్పుకునేవారు. 2018లో కన్నుమూసింది. ఆవిడ పేరూ మస్తానమ్మే. కృష్ణ దాటి అవతలికి వెళితే జాన్‌పహాడ్ దర్గా ఉంది. అక్కడి సైదులు పేరున ఇటు మన పల్నాట్లోనూ సైదులు, సైదమ్మ అని ఎంతమంది! నాగూరు దర్గా పేరున నాగూరమ్మ, నాగూర్‌బీ. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ దొర తర్వాత గురజాలలో కూడా పనిచేశాడు. ఆ మతం తీసుకున్న ఇళ్ళలో మరియమ్మ, మార్తమ్మ, రూతమ్మ, కరుణమ్మ వచ్చారు. ఎక్కడో యెరూషలేములో పుట్టిన పేరైనా సరే, చివర "అమ్మ" తగిలించేసరికి మన వీధి పేరైపోయింది. తండాల్లో సోమవారం పుట్టిన పిల్లకి సోమ్లీ అనీ, మంగళవారం పుట్టిన పిల్లకి మంగ్లీ అనీ పెట్టుకునే ఆచారం ఉంది.

అంటే పాత పేరు ఊరికే పెట్టింది కాదన్నమాట. ఏ కొండకు మొక్కారో, ఏ దర్గాలో చక్కెర పంచారో, ఏ రోజున పుట్టిందో అన్నీ అందులోనే ఉంటాయి. ఇంట్లో చదువు రానివాళ్ళు కూడా పిల్ల చరిత్రను పిల్ల పేరులోనే దాచిపెట్టారు.

మరి ఇంత మంచి పేర్లు ఎందుకు వెనకబడ్డాయి? ఒక ఇంటి ఉదాహరణ చెబుతాను. మన వినుకొండ మహాకవి జాషువా గారు 1895లో పుట్టారు. వారి తల్లి పేరు లింగమ్మ. 1932లో వారికి పుట్టిన అమ్మాయి పేరు హేమలత. తర్వాత సంఘసేవలో పేరు తెచ్చుకున్న హేమలతా లవణం గారు ఆవిడే. నాయనమ్మ లింగమ్మ, మనవరాలు హేమలత. రెండు తరాల్లో ఎంత మార్పో చూశారా! ఆ రోజుల్లో చదువుకున్న ఇళ్ళన్నిటిలో ఇదే గాలి. బెంగాలీ నవలల తర్జుమాలు వచ్చాయి, జాతీయోద్యమం వచ్చింది. లతలు, కుమారులు, సరోజినులు, కమలలు వచ్చారు. తర్వాత సినిమా తారల పేర్లు. ఆ తర్వాత వారపత్రికల సీరియళ్ళలో నాయికల పేర్లు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' చదివి జయంతి అని పెట్టుకున్న తల్లులు, 'జీవన తరంగాలు' చదివి రోజా అని పెట్టుకున్న తల్లులు మనలో ఉండే ఉంటారు. అందులో తప్పేమీ లేదు. ప్రతి తరమూ తన ఆశను పిల్ల పేరులో పెట్టుకుంటుంది.

కాని ఇంకో కారణం కూడా ఉంది. అది కాస్త చేదుగా ఉంటుంది. సినిమాల్లో పనిమనిషి వేషం ఉందంటే దానికి ఏ పేరు పెట్టేవారు? రంగమ్మ, మంగమ్మ, ఎల్లమ్మ. పల్లెలో పెద్దింటి ఆవిడ నాగమ్మగారైతే, అదే పేరున్న కూలి మనిషిని "ఒసే నాగీ" అని పిలిచేవారు. కోటమ్మ కోటి అయింది, వెంకమ్మ ఎంకి అయింది. పేరులో ఉన్న "అమ్మ"ను కూడా కొందరికి ఇచ్చి కొందరి దగ్గర లాగేసుకున్నాం. అలా పేర్లు చిన్నబోయాయి. చదువుకున్న నాగమ్మలు నాగలక్ష్ములు, నాగమణులు అయ్యారు. సుబ్బమ్మలు సుబ్బలక్ష్ములయ్యారు. కోటమ్మలు కోటేశ్వరులయ్యారు. పేరులో దోషం లేదు, పిలిచిన నోట్లో ఉంది.

ఈ బాధ మనకొక్కళ్ళకే కాదు. ఐర్లండ్ అని ఒక చిన్న దేశం ఉంది. చాలాకాలం ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలోనే నలిగింది. అక్కడ బ్రిజిడ్ అనే పేరు మనకు లక్ష్మి ఎంతో అంత. కిల్డేర్ అనే చోట మఠం పెట్టిన పుణ్యస్త్రీ పేరది. 1845 తర్వాత ఆ దేశంలో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి ఘోరమైన కరువు వచ్చింది. వేలాదిమంది ఆడపిల్లలు అమెరికా వెళ్ళి ఇళ్ళల్లో పనికి కుదిరారు. అక్కడి దొరసానులు వాళ్ళ అసలు పేరేమిటో అడగకుండా అందరినీ "బ్రిడ్జెట్" అనో "బిడ్డీ" అనో పిలిచేవారు. మన చెవికి "బిడ్డ" అన్నంత ముద్దుగా వినిపిస్తుంది గాని, అది వెక్కిరింపు పిలుపు. దాంతో తల్లులు కూతుళ్ళకి ఆ పేరు పెట్టడానికి జంకారు. మన రంగమ్మ, మంగమ్మల కథే కదా! 1922లో సొంత ప్రభుత్వం ఏర్పడ్డాక వాళ్ళు మెల్లమెల్లగా తమ భాషనీ, తమ పేర్లనీ మళ్ళీ దగ్గరికి తీసుకున్నారు. 2023 నుంచి బ్రిజిడ్ పండుగకు ఆ దేశమంతటా సెలవు.

ఇంకొక పేరు చెబితే మన పల్నాటివాళ్ళు ఉలిక్కిపడతారు. మేవ్ అని వాళ్ళ పాత వీరగాథలో ఒక రాణి ఉంది. కొనాక్ట్ అనే రాజ్యం ఆవిడది. భర్తతో సమానంగా తన ఆస్తి లెక్కపెట్టుకుంటే ఒక్క ఆబోతు తక్కువొచ్చిందట. ఆ ఆబోతు కోసం పక్క రాజ్యం మీదికి దండెత్తింది. వీరులు నేల కూలారు. మన దగ్గర కోడిపందెం, అక్కడ ఆబోతు! మన కథలో నాగమ్మ, వాళ్ళ కథలో మేవ్. ఇద్దరూ రాజ్యం నడిపినవాళ్ళే, ఇద్దరి మీదా యుద్ధం తెచ్చారన్న నిందే. కాని ఇవాళ ఐర్లండ్‌లోనూ, అమెరికాలోనూ తల్లులు పుట్టిన పిల్లకి మేవ్ అని సంబరంగా పెట్టుకుంటున్నారు. మనం?

12వ శతాబ్దంలో ఒక ఆడది గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిత్వం చేసిందంటే మాటలా! "నాయకురాలు" అన్న మాట ఆవిడకి బిరుదైంది. పందెంలో మాచర్లవారు ఓడిపోయారు, ఏడేళ్ళు వలస పోయారు, చివరికి కారెంపూడి దగ్గర రెండు పక్షాలూ నాశనమయ్యాయి. ఆవిడ ఎత్తులు మంచివని నేననడం లేదు. మరి పందెం కట్టింది ఆవిడ ఒక్కతేనా? కత్తులు పట్టింది ఎవరు? ఆ లెక్క అడక్కుండా తప్పంతా నాగమ్మ కొంగున కట్టేశాం. 1947 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబగారు, 1966లో వచ్చిన దానిలో భానుమతిగారు ఆ వేషం వేశారంటే, ఆ పాత్రలో ఎంత సత్తువ ఉందో తెలుసుకోవచ్చు. పిల్ల పేరు నాగమ్మ అంటే "అమ్మో, నాయకురాలు నాగమ్మా!" అని నవ్వేవాళ్ళు ఉంటారు. "అవునండీ, మంత్రి నాగమ్మ" అని మనం జవాబు చెప్పవచ్చు.

ఆ కథలోనే ఇంకా మంచి పేర్లున్నాయి. బాలచంద్రుడి భార్య మాంచాల, తల్లి ఐతమ్మ. నలగామరాజు కూతురు, అలరాజు ఇల్లాలు పేరిందేవి. మాంచాల అన్న పేరు వినడానికి ఎంత కొత్తగా ఉంది! ఎనిమిది వందల ఏళ్ళు దాటిన పేరంటే ఎవరు నమ్ముతారు? పరాయి భాష పేర్ల కోసం ఫోనులో రాత్రంతా వెతికే తండ్రులకి ఇది చెప్పండి.

ఐర్లండ్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న ముచ్చట. నివేదిత అన్న పేరు మన ఇళ్ళలో ఎంత ముద్దుగా పెట్టుకుంటామో తెలుసుగా. దాన్ని జనం నోళ్ళలో నిలిపింది ఒక ఐర్లండ్ ఆడపడుచు. 1867లో అక్కడ పుట్టిన మార్గరెట్ నోబుల్‌కి 1898లో వివేకానందస్వామి దీక్ష ఇచ్చి పెట్టిన పేరది. ఇంకో మార్గరెట్, మార్గరెట్ కజిన్స్ గారు, మన మదనపల్లెలో ఉన్నప్పుడే 1919లో రవీంద్రుడి 'జనగణమన'కి స్వరాలు కూర్చి రాసిపెట్టారు. పేర్లు ఇలా సముద్రాలు దాటి ఇటూ అటూ తిరుగుతూనే ఉంటాయి. కొత్త పేరు వద్దనీ, పరాయి పేరు పాపమనీ నేననడం లేదు. మన పెట్టెలో ఏమున్నదో చూసుకున్నాకే పొరుగింటి పెట్టె వెతకమంటున్నాను.

ఇక ఏ పాత పేరు వద్దో చెప్పుకుందాం. ఇక్కడ తొందరపడకూడదు. పెంటమ్మ అన్న పేరు వినగానే ముక్కు మూసుకుంటాం. కాని అది అవమానించడానికి పెట్టింది కాదు. వెనకటికి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఈ బిడ్డనైనా మృత్యువు చూడకుండా ఉండాలని పెంటకుప్ప మీద పొర్లించి, "ఇది పనికిరానిది, నీకెందుకు" అన్నట్టు ఆ పేరు పెట్టేవారు. అలాగే భిక్షమెత్తి పెంచినట్టు భిక్షమమ్మ. ఈ పేర్ల వెనక ఒక తల్లి ప్రాణభయం ఉంది. టీకాలూ, ఆసుపత్రులూ వచ్చాక ఆ పేర్ల అవసరం తీరింది. ఇవాళ పిల్లకి పెట్టక్కర్లేదు. కాని ఆ పేరున్న ముత్తవ్వ ఇంట్లో ఉంటే నవ్వకూడదు. ఆమె బతికినందువల్లే మనం ఉన్నాం.

ఇంకో రకం ఉంది. ఆడపిల్ల వెంట ఆడపిల్ల పుడితే "ఇక చాలు" అని చాలమ్మ అన్నవాళ్ళున్నారు. అది దిష్టి పేరు కాదు, విసుగు పేరు. మహారాష్ట్రలో "నకుశా" అంటే అక్కర్లేనిది అని అర్థం. ఆ పేరుతో పెరిగిన 285 మంది ఆడపిల్లలకి 2011లో సతారా జిల్లాలో ఒక్క సభలో కొత్త పేర్లు పెట్టారు. పదేళ్ళ పిల్ల తన పేరు అడిగినప్పుడల్లా "నేనెవరికీ అక్కర్లేదు" అని చెప్పుకోవలసి వస్తే ఆ మనసెలా ఉంటుంది? ఆ పేరు మీ వంశంలో ఉంటే మాత్రం దయచేసి మళ్ళీ తీసుకురాకండి. ఆవిడ మీద ప్రేముంటే ఆవిడ ఇష్టదైవం పేరు పెట్టండి.

సరే, మంచి పాత పేరు ఎలా ఎంచుకోవాలి?

మొదటిది, ఒక కాగితం తీసుకుని మీ ఇంటి ఆడవాళ్ళ పేర్లు రాయండి. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి. అత్తగారు, వాళ్ళ అత్తగారు. మగవాళ్ళ పేర్లు ఏడు తరాలు గడగడా చెబుతాం. ఆడవాళ్ళ పేరు మూడో తరం దగ్గరే ఆగిపోతుంది. తర్పణాలు విడిచే ఇళ్ళలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ వరకు పేర్లు చెప్పుకుంటారు గనక అక్కడ కొంత మిగిలింది. మిగిలిన ఇళ్ళలో ఇంట్లో ముసలివాళ్ళు పోయారంటే ఆ పేర్లూ వాళ్ళతోనే పోతాయి.  అందుకని నాయనమ్మ బతికుండగానే అడగండి. పాపకి ఆ పేరు పెట్టినా పెట్టకపోయినా, ఆ కాగితం మీ ఇంటికి ఆస్తి.

రెండోది, నక్షత్రం చూసుకునే ఇళ్ళలో అక్షరం కుదరదని భయపడతారు. మన పాత పేర్లకీ అక్షరాలున్నాయి. అనూరాధ నక్షత్రానికి "న" వస్తుంది, నాగమ్మ కుదురుతుంది. మఖకి "మ", మాంచాల, మంగమ్మ. కృత్తిక మొదటి పాదానికి "అ", అంకమ్మ. పునర్వసులో "కో" ఉంది, కోటేశ్వరి. పురోహితుణ్ణి అడిగితే మిగతావీ చెబుతారు.

మూడోది, ఒకవైపు వాళ్ళకే పేరు హక్కు అనుకోవద్దు. మొదటి పిల్లకి నాయనమ్మ పేరు, రెండో పిల్లకి అమ్మమ్మ పేరు అని చాలా ఇళ్ళలో వాడుక. ఈ రోజుల్లో ఒక్క పిల్లతోనే ఆగుతున్నారు. అప్పుడు రెండు పేర్లూ కలిపి పెట్టుకోవచ్చు. అత్తగారి పేరు పెట్టాక కోడలు ఆ పేరుతో పిల్లని తిట్టలేదు, కొట్టలేదు, పిలవనూ లేదు! అందుకే వెనకటి కోడళ్ళు "అమ్మడూ", "బుజ్జీ", "చిట్టీ" అని పిలుచుకునేవారు. ముద్దుపేర్లు ఎక్కువగా పుట్టింది ఆ మొహమాటంలోంచే.

నాలుగోది, పేరును పలికి చూడండి. పెరట్లోంచి ఒకసారి కేకేయండి. ఇంటిపేరుతో కలిపి చదవండి. బళ్ళో హాజరు పిలిచినట్టు పిలవండి. మన పేర్లకి ఒక సుఖముంది, రాసినట్టే పలుకుతాం. ఆ ఐర్లండ్ వాళ్ళకి ఆ భాగ్యం లేదు. ఎన్, ఐ, ఏ, ఎం, హెచ్ అని రాసి "నీవ్" అని పలకాలిట! మనమే ఇంగ్లీషులో రాసేటప్పుడు సంఖ్యాశాస్త్రం పేరుతో లేని అక్షరాలు దూర్చి కష్టం తెచ్చుకుంటున్నాం. ఒకే రీతిలో రాసి, అన్ని కాగితాల్లోనూ అదే ఉంచండి.

కాగితాల సంగతి ఇది. పుట్టిన 21 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి. మనకు బారసాల 21వ రోజున చేసే ఇళ్ళు చాలా ఉన్నాయి కనుక పేరు తేలలేదని నమోదు ఆపనక్కర్లేదు. పేరు లేకుండానే నమోదు చేయించుకోవచ్చు. ఏడాదిలోగా పేరు చేర్చితే రుసుము లేదు. ఆ తర్వాత పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే రుజువు. అందుకని మూడు వారాల్లో మామిడాకులు కట్టే హడావిడిలో పడి తొందరపడి ఏదో ఒకటి రాయించేయకండి. పదిమందితో ఆలోచించి ఏడాదిలోపు రాయించండి. మన పద్ధతి ప్రకారం ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయించండి. రేపు పిల్ల అమెరికా వెళ్ళినప్పుడు పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి రెండోది ఖాళీగా ఉంటే, వీసా మీద "మొదటి పేరు తెలియదు" అనే అర్థం వచ్చే మూడక్షరాలు వేస్తారు. ముత్తవ్వ పేరు పెట్టుకున్న పిల్లకి పేరే తెలియదనడం ఎంత అన్యాయం!

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. పాత పేరు పెట్టి ఊరుకుంటే అది పిల్ల నెత్తిన మూటే అవుతుంది. ఆ పేరు కథ కూడా చెప్పండి. "మీ ముత్తవ్వ ఒంటి చేత్తో ముగ్గురు పిల్లల్ని పెంచింది, అందుకే నీకా పేరు" అని అయిదేళ్ళ పిల్లకి చెప్పండి. బళ్ళో ఎవరైనా నవ్వితే దాని దగ్గర జవాబుంటుంది. కథ తెలియని పిల్ల ఏడుస్తూ ఇంటికొస్తుంది, కథ తెలిసిన పిల్ల ఎదురు చెప్పి వస్తుంది. మన ఇంట్లో పనిచేసే ఆవిడ పేరూ అదే అయితే, ఆవిణ్ణి కూడా ఆ రోజు నుంచి నిండుగా, "అమ్మ" చేర్చి పిలవడం మొదలుపెట్టండి. పిల్ల వింటుంది. తన పేరు ఇంకొకరి నోట తక్కువగా పలికితే తనని తక్కువ చేసినట్టే దానికి అనిపిస్తుంది.

ఈ సంగతులు మీ ఇంట్లో నాయనమ్మగారి దగ్గర కూర్చుని మాట్లాడుకోండి. ముందు ఆవిడ పేరేమిటో, ఆ పేరు తనకు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగండి. పాపాయి ఊయల పక్కనే కూర్చుని చెప్పించుకుంటే ఇంకా మంచిది.